బాలికల బంతియాట



గతమాసమున మా తిరుచానూరిలో, కోత ముగిసిన యొక కయ్యయందు పదిమంది బాలికలు కాలిబంతి యాడిరి. అందు మా మనుమరాలును గలదు. దానికి పదమూడవయేడు. ఇంటికి రాగానే తల్లి, "పెద్దదానవైతివి, ఇక నీకు బంతియేల? కాలు విరిగినచో నిన్నెవరు పెండ్లియాడుదురు?" అని కోపించెను. పిల్ల నా చాటునకు జేరి, "అవ్వా, మా యాటలో త్రోపులాట లేదు. నీవే వచ్చి చూడుము" అనెను. మరునాడు పోయి చూచితిని.

పక్షమునకు ఐదుగురు. ఇరుప్రక్కల రెండేసి యిటుకలు నిలిపి వానినడుమ గోలు ఏర్పరచిరి. గోలు కాచువారు లేరు. బంతిని మోకాలికి మించి లేపరాదు. ఒకరినొకరు త్రోయుట, పట్టుట, కాలడ్డుట నిషిద్ధము. తీర్పరియు లేడు, తప్పుచేసిన పిల్లయే చేయెత్తి యొప్పుకొని బంతిని ఎదుటివారికిచ్చును. ఈ నియమము నాకు మిక్కిలి నచ్చినది.

ఈ యాట స్త్రీలకు తగదను మాట మన యూరిది మాత్రమే కాదు. 1920 డిసెంబరులో ఇంగ్లండునందలి లివర్‌పూలు నగరమున స్త్రీల పందెమును జూడ 53 వేలమంది వచ్చిరి. మరుసటియేడే అచ్చటి ఫుట్‌బాల్ సంఘమువారు తమ మైదానములను స్త్రీలకు మూసివేసిరి. ఆ నిషేధము తొలగుటకు దాదాపు 50 ఏండ్లు పట్టెను. నేడో, నిజామాబాదు ప్రాంతమున పుట్టిన గుగులోతు సౌమ్య భారతదేశపు జట్టునందాడి పేరుగాంచినది.

ఇక పెండ్లిమాట. మన పద్మావతీదేవి చెలులతో వనమున విహరించుచుండగనే గదా శ్రీనివాసుని కంటబడినది! ఆకాశరాజు కూతును మూల గూర్చుండబెట్టలేదు.

తల్లులు గమనింపవలసినవి కొన్ని గలవు. ఎండ తగ్గినపిదపనే ఆడనిండు. నేలపై రాళ్లు, ముండ్లు ముందుగా ఏరింపుడు. గాజులు, పట్టీలు తీయింపుడు. బహిష్టుదినములందు బాధ లేనిచో ఆట మాన్పనక్కరలేదు. కాలు బెణికినచో వెంటనే మర్దన చేయక, చల్లనినీట తడిపిన గుడ్డచుట్టి కాలు ఎత్తుగా నుంచుడు. నిలువలేనిచో వైద్యునికి జూపుడు.

మొన్న ఆదివారమున మా కోడలు మజ్జిగచెంబుతో కయ్యగట్టుపై నిలిచి ఆట ముగియువరకు చూచెను. "దీపము పెట్టువేళకు ఇల్లు చేరవలె" నని మాత్రము కూతునకు చెప్పెను. అంతకంటె పెద్ద యనుమతి మా పిల్ల కోరలేదు.