జింక నిజమే, చిత్రమే అబద్ధం

హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలలో చెట్ల నరికివేతను తక్షణం నిలిపివేయవలసిందిగా సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 3న ఆదేశించిన సంగతి విదితమే. భూమి గురించి మొదలైన ఆ వివాదం కొద్దిరోజులలోనే ఛాయాచిత్రాల మీదికి మళ్లింది. బుల్‌డోజర్ల ఎదుట బెదిరి పరుగెడుతున్న జింకలు, నెమళ్ల చిత్రాలు దేశమంతటా ప్రచారమయ్యాయి. వాటిలో కొన్ని కృత్రిమ మేధ సహాయంతో కంప్యూటరులో తయారైనవి. ప్రముఖులు సైతం వాటిని పదుగురికీ పంచారు. నెమళ్లు రోదిస్తున్నట్లు, జింకలు గాయపడినట్లు వచ్చినవి కృత్రిమ మేధ సృష్టి అని అధికారులు ముఖ్యమంత్రికి నివేదించారు. పోలీసులు కేసులు నమోదు చేశారు.

కాగా సుప్రీంకోర్టు స్వయంగా చూసి రమ్మని తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రారును ఆ స్థలానికి పంపింది. సుమారు వంద ఎకరాలలో చెట్లు నేలమట్టమైనట్లు, అక్కడ జింకలు, నెమళ్లు కనిపించినట్లు ఆయన నివేదిక తెలియజేసింది. అంటే జింకలు ఉన్న మాట వాస్తవం. వాటి పేరిట ప్రచారమైన చిత్రాలలో కొన్ని మాత్రం అబద్ధం. నిజమైన జింకకు మేలు చేయబోయి కల్పిత చిత్రం దానికి కీడే చేసింది. అసలు సాక్ష్యాన్ని కూడా కొట్టిపారేయడానికి ఎదుటిపక్షానికి అది ఒక సాకును అందించింది.

కృత్రిమ మేధతో తయారయ్యే వన్యప్రాణి చిత్రాలు ఎంత సహజంగా ఉంటున్నాయన్న ప్రశ్నకు 2022లో ఒక సమాధానం, నేడు మరొక సమాధానం చెప్పవలసి ఉంది. ఆ ఏడాది ఏప్రిల్, ఆగస్టుల మధ్య డాల్-ఇ 2, మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ అనే మూడు సాధనాలు వరుసగా వెలువడ్డాయి. తొలి రోజులలో అవి గీసిన జంతువులకు ఒక్కోసారి అయిదో కాలు మొలిచేది. ఇప్పుడు అటువంటి పొరపాట్లు అరుదయ్యాయి. అయితే ఈ యంత్రం ఏ అడవినీ ఎరగదు. కోట్లాది చిత్రాలను పరిశీలించి, నెమలి అనగానే వాటిలో ఎక్కువగా కనిపించిన రంగులనూ, రూపాన్నీ పోగుచేసి ముందుంచుతుంది. ఇందుకు నెమలిపిల్లే చక్కని ఉదాహరణ. నీలి మెడతో, బుల్లి పింఛంతో ముద్దులొలికే నెమలిపిల్ల బొమ్మలు 2024లో గూగుల్ అన్వేషణలో అసలు ఫోటోలతో కలిసిపోయి కనిపించాయి. నిజానికి నెమలిపిల్ల గోధుమరంగులో, కోడిపిల్లలా, ఏమంత ఆకర్షణ లేకుండా ఉంటుంది. మగవాటికి పూర్తి పింఛం రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. మన జాతీయ పక్షి పిల్ల ఎలా ఉంటుందో పల్లెటూరి పశువులకాపరికి తెలుసు. పట్టణాలలో విద్యావంతులైనవారే మోసపోయారు.

దీనికి పూర్తిగా విరుద్ధమైన ఉదంతం కూడా ఒకటి ఉంది. 2024లో ఒక అంతర్జాతీయ ఛాయాచిత్ర పోటీలోని కృత్రిమ మేధ విభాగానికి మైల్స్ ఆస్ట్రే అనే ఫోటోగ్రాఫరు ఒక ఫ్లెమింగో చిత్రాన్ని పంపారు. అందులో పక్షికి తల లేదు. న్యాయనిర్ణేతలు దానికి తృతీయ బహుమతి ప్రకటించారు, ప్రజల ఓటింగులోనూ అదే నెగ్గింది. తీరా చూస్తే అది కరీబియన్ దీవి అరుబాలో కెమెరాతో తీసిన అసలు ఫోటో. పక్షి తల వంచి పొట్ట గోక్కుంటుండగా తీసినది. నిర్వాహకులు బహుమతిని రద్దుచేశారు. పులికాట్ ఒడ్డున ఏటా శీతకాలంలో ఫ్లెమింగోలను చూసేవారికి ఆ భంగిమ కొత్త కాదు. నిపుణుల కంటికే అసలు నకిలీగా తోచినప్పుడు, కేవలం చూపును నమ్ముకుని తీర్పు చెప్పడం ఎంతవరకు సమంజసమన్నది ఇక్కడ ప్రశ్న.

మన దేశానికి సంబంధించినంతవరకు ఇది కళాపోటీలతో ముగిసే వ్యవహారం కాదు. పులుల సంఖ్యకు ప్రధాన ఆధారం ఛాయాచిత్రాలే. పూర్వం పాదముద్రలను బట్టి పులులను లెక్కించేవారు. రాజస్థాన్‌లోని సరిస్కాలో పులులు ఉన్నట్లు 2004 లెక్కలు చూపగా, మరుసటి ఏడాదికి అక్కడ ఒక్కటీ మిగలలేదని తేలింది. ఆ పరాభవం తరువాతే పాత పద్ధతికి స్వస్తి చెప్పి కెమెరాలను ఆశ్రయించారు. 2022 గణనలో 32,588 చోట్ల అమర్చిన కెమెరాలు 4 కోట్ల 70 లక్షలకు పైగా చిత్రాలు తీశాయి. వాటిలో పులులు కనిపించినవి 97,399 మాత్రమే. వాటి నుంచి 3,080 పులులను విడివిడిగా గుర్తించారు. మనుషుల వేలిముద్రల మాదిరిగానే ఏ రెండు పులుల చారలూ ఒకటిగా ఉండవు. ఒకే పులికి కూడా కుడివైపు చారలు వేరు, ఎడమవైపు చారలు వేరు. కనుకనే బాటకు ఇరువైపులా ఎదురెదురుగా కెమెరాలు పెడతారు.

ఈ కెమెరాలు తీసే చిత్రాలలో అందం వెదకడం వృథా. చాలావాటిలో తోకో, వెనుక కాళ్లో మాత్రమే పడతాయి. రాత్రివేళ తీసినవి నలుపు తెలుపుల్లో మసకగా ఉంటాయి. కృత్రిమ పులి మాత్రం తరచు చిత్రం నడుమ నిలబడి, చక్కని వెలుతురులో, చూపరుల కళ్లలోకే చూస్తుంది. దాని చారలు ఏ పులివీ కావు. గణన వివరాలతో సరిపోల్చితే ఎక్కడా జత కుదరదు. అటవీ శాఖకు ఈ సదుపాయం ఉంది. సెల్‌ఫోనులో చిత్రం అందుకునే పౌరునికి లేదు, అర్ధరాత్రి పేజీ మూసే వేళ ఆ చిత్రం వేయాలా వద్దా అని తర్జనభర్జన పడే పత్రికల వారికీ లేదు.

మోసం పాతదే. 2007లో చైనాలోని షాంగ్సీ రాష్ట్ర అటవీ అధికారులు, అంతరించినట్లేనని భావిస్తున్న దక్షిణ చైనా పులి మళ్లీ కనిపించిందంటూ ఒక రైతు తీసిన ఫోటోలను ఘనంగా విడుదల చేశారు. అది గోడకు తగిలించుకునే పటంలోని పులి అని పాఠకులే కనిపెట్టారు. 2008లో రైతుకు శిక్ష పడింది, పలువురు అధికారులపై చర్యలు తీసుకున్నారు. అక్కడ నకలుకు ఒక అసలు ఉండబట్టి దొంగ దొరికాడు. నేటి చిత్రాలకు అటువంటి అసలు పటమేదీ ఉండదు. వెదికి పట్టుకోవడానికి అదే ప్రధానమైన అడ్డంకి.

దీని నష్టం అడవి అంచు గ్రామాలకు సూటిగా తగులుతుంది. 2025 చివరలో పుణె జిల్లాలో చిరుతల దాడులలో ప్రాణాలు పోయి ప్రజలు భయకంపితులై ఉన్న తరుణంలోనే నగరంలో చిరుతలు తిరుగుతున్నట్లు కృత్రిమ చిత్రాలు వ్యాపించాయి. చర్య తీసుకుంటామని అటవీ శాఖ హెచ్చరించవలసి వచ్చింది. లేని చిరుత కోసం సిబ్బంది ఒక కాలనీ గాలిస్తుంటే, ఉన్న చిరుత తిరిగే చెరకు తోటకు వెళ్లేవారు తగ్గుతారు. 2023 ఆగస్టులో తిరుమల నడకదారిలో చిరుత ఒక చిన్నారిని బలిగొన్న తరువాత అధికారులు కెమెరాలు, బోనులు అమర్చి చిరుతలను పట్టుకున్నారు. అటువంటి సమయంలో ఒక్క తప్పుడు చిత్రం వస్తే గాలింపు ఎటు మళ్లేదో ఊహించడం కష్టం కాదు.

కృత్రిమ చిత్రాలపై గుర్తు ముద్రించాలంటూ కేంద్ర ఎలక్ట్రానిక్స్ మంత్రిత్వ శాఖ 2025 అక్టోబరులో ముసాయిదా నిబంధనలు ప్రకటించింది. చిత్ర వైశాల్యంలో పదోవంతు మేర గుర్తు ఉండాలని అందులో ప్రతిపాదించారు. మరోవైపు తీసినప్పుడే చిత్రంలో దాని పుట్టుపూర్వోత్తరాలు నిక్షిప్తం చేసే కెమెరాను లైకా సంస్థ 2023లో విడుదల చేసింది. అయితే ఫోను తెర మీది చిత్రాన్ని మరోసారి ఫోటో తీస్తే ఆ వివరాలు చెరిగిపోతాయి, గుర్తును కత్తిరించడానికీ ఎక్కువ సేపు పట్టదు. కెమెరా నుంచి వచ్చిన మూలప్రతి, తీసిన చోటు, తేదీ, తీసినవారి పేరు అడగడమే ప్రస్తుతానికి చేయగలిగిన పని. కంచ గచ్చిబౌలి చిత్రాలు పంచుకున్నవారిలో ఈ నాలుగూ అడిగినవారు బహు కొద్దిమంది.