నోటిలో గడ్డ కనిపిస్తే

ఈ నెల నోటిలో లేచే గడ్డలను గురించి నాలుగు మాటలు చెప్పుకుందాము. ఇందుకు కారణం మా యింటి అనుభవమే.

మా పిన్నిగారు కొన్నాళ్ళుగా ఎడమవైపు నమలడం మానివేశారు. అడిగితే పంటినొప్పి అనేవారు. ఒకనాడు బలవంతాన టార్చిలైటు వేసి చూస్తే, బుగ్గ లోపల శనగగింజంత గడ్డ! ఎనిమిది నెలలుగా ఉన్నదట. "కత్తి తగిలితే ముదురుతుందంటారు కదా నాయనా, అందుకే చెప్పలేదు" అన్నారు. అన్నాళ్ళూ ఆమె ఎంత భయాన్ని దిగమింగుకొన్నారో మాకు అప్పుడు తెలిసింది.

పండ్ల డాక్టరుగారు చూసి, విరిగిన పంటి అంచు ఒరుసుకొని లేచిన గడ్డ ఇది అన్నారు. మత్తుసూది వేసి తీసివేసి, పరీక్షకు పంపారు. నిరపాయమని తేలింది. పంటి అంచును నునుపు చేశారు.

దీనిని ఫైబ్రోమా అంటారు. నున్నగా, చుట్టూ ఉన్న చర్మం రంగులోనే ఉంటుంది, నొప్పి ఉండదు, మెల్లగా కొంత పెరిగి ఆగిపోతుంది. కాలీఫ్లవరు పువ్వులా గరుకుగా ఉండేది పాపిలోమా. మెత్తగా, పసుపుచాయతో ఉండేది కొవ్వుగడ్డ. నొక్కితే పాలిపోయి, వదలగానే మళ్ళీ ఎర్రబడేది రక్తనాళాల గడ్డ. దానిని గిల్లినా, దారం కట్టినా రక్తం ధారగా పోవచ్చును. గర్భిణులకు చిగురుపై ఎర్రని గడ్డ లేచి, తాకితే రక్తం వస్తుంది. కాన్పు తరువాత చాలావరకు అణగిపోతుంది. అంగిలి నడుమ రాయిలా తగిలే ఉబ్బు కొందరికి ఎముక తీరే. కట్టుడు పళ్ళు పెట్టించుకొనేటప్పుడు తప్ప దానితో పేచీ లేదు.

అయితే నొప్పి లేదు గనుక ప్రమాదం లేదనుకోరాదు. దవడ ఎముకలో పుట్టే అమెలోబ్లాస్టోమా నిరపాయమైన గడ్డల కోవలోనిదే. కాని నొప్పి లేకుండానే ఎముకను తినివేస్తుంది. కొంచెం మిగిలినా మళ్ళీ పెరుగుతుంది. క్యాన్సరు కూడ మొదట నొప్పి పెట్టకపోవచ్చును. రెండు వారాలకు మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ, అడుగు గట్టిపడిన గడ్డ, కారణం లేకుండా కదిలే పన్ను, పెదవి తిమ్మిరి, నోరు సరిగా తెరవలేకపోవడం: వీటిలో ఏది కనిపించినా ఆలస్యం కూడదు. పొగాకు, వక్క నమిలేవారూ, శ్రీకాకుళం, విశాఖ తీరాన మన ఆడవారిలో ఉన్న అడ్డపొగ అలవాటు గలవారూ మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఇక కత్తి సంగతి. వెనుక జబ్బు బాగా ముదిరిన తరువాతనే ఆస్పత్రికి పోయేవారు. కోసినా ఫలితం దక్కకపోతే, నింద కత్తిపై పడేది. నిజానికి గడ్డ ఏ జాతిదో రూఢిగా చెప్పేది ఆ చిన్న ముక్క పరీక్షయే.

మన బెంగుళూరులో ఇందుకు లోటు లేదు. కోట ప్రాంతంలో విక్టోరియా ఆస్పత్రి ఆవరణలో 1958లో ఏర్పడిన ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉన్నది. క్యాన్సరు అనుమానం ఉన్నవారికి హొసూరు రోడ్డులో 1973లో నెలకొన్న కిద్వాయి సంస్థ ఉన్నది.

పాఠకులకు మా మనవి ఒక్కటే. నెలకొకసారి అద్దం ముందు నిలబడి నాలుక క్రింద, బుగ్గల లోపల, అంగిలి చూసుకొనండి. ఇంట్లో పెద్దవారు ఒకవైపే నములుతూ ఉంటే, పంటినొప్పి అన్నారని ఊరుకొనక, టార్చిలైటు తీసుకొని దగ్గర కూర్చొనండి.