దీవికి పోయినోళ్లు

మొన్న కోరుట్లలో ఒక పెద్దాయన అటక మీది రేకుపెట్టె దింపించారు. అందులో పాత పాస్‌పోర్టు, అరబ్బీ అక్షరాల బతాకా (గుర్తింపు కార్డు), అడుగున నాలుగు టేపు క్యాసెట్లు. ఒకదాని మీద నీలి పెన్నుతో ‘ఇంటికి’ అని ఉంది. రాసింది గదిలో దోస్తు అట.

‘‘ఇవే మా ఉత్తరాలు. నాకు రాయరాదు, మా ఆమెకు చదువరాదు. రూముల అందరు పన్నంక మాట్లాడి నింపేటోణ్ని. ఊరికి పోయేటోళ్లతోని పంపేటోణ్ని’’ అన్నారు.

చాటలో తునికాకు, తంబాకు ముందేసుకుని బీడీలు చేస్తూ వినేదట ఆమె. ఒకచోట మాత్రం వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ వినేదట. ఎక్కడో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఆయన పనిచేసింది బహ్రెయిన్‌లో. ఊరికి మాత్రం ‘దుబాయి పోయొచ్చినాయనే’. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో మస్కట్‌కు పోయినా కువైట్‌కు పోయినా దుబాయి పోయినట్టే. వలసంటే బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని ప్రాస కుదిరాక పాపం బహ్రెయిన్‌కు చోటెక్కడిది?

ఆ దీవి కథ చిన్నదేం కాదు. బహ్రెయిన్ అంటే రెండు సముద్రాలు. చుట్టూ ఉప్పునీళ్లే, కానీ సముద్రం అడుగున మంచినీటి ఊటలుండేవి. ముత్యాల కోసం మునిగేవాళ్లు తోలుసంచుల్లో ఆ నీళ్లు పట్టుకొచ్చి తాగేవారు. జపాన్ సాగుముత్యాలు వచ్చి ఆ బతుకుదెరువు కుదేలైన రోజుల్లోనే, 1932లో, బోరులో నీళ్లు పడ్డట్టు చమురు పడింది. గల్ఫ్‌లో అరబ్బుల ఒడ్డున అదే మొదలు.

ఇంకో వింత. అప్పట్లో అక్కడ నడిచింది మన రూపాయే! 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం వేరే నోట్లు అచ్చేసింది. 1965లో బహ్రెయిన్ సొంత దినార్ తెచ్చుకుంది. 1973 తర్వాత చమురు ధర ఎగబాకి, కట్టడాలకు కూలీలు కావలసొచ్చాక, ఆ దినార్ల కోసం మనోళ్లు బొంబాయిలో విమానం ఎక్కారు. రూపాయి వెళ్లొచ్చిన దారినే మనిషీ పోయాడన్నమాట.

పెద్దాయన చరిత్రలో ఈ తేదీలు లేవు. పాస్‌పోర్టు దాచుకున్న యజమాని కఫీల్ ఉన్నాడు, కఫీల్‌ను వదిలి చాటుగా పనిచేసుకునే ‘కల్లివెల్లి’ ఉన్నాడు. ఒక్క 1986 మాత్రం గుర్తుంది. సౌదీకి సముద్రం మీదుగా 25 కిలోమీటర్ల దారి తెరిచిన ఏడు అది. శుక్రవారం సెలవునాడు దోస్తులతో చూడబోయారు. అవతలికి వీసా లేదు. ‘‘దీవిల ఉన్నమని ఆనాడు ఎరుకైంది’’ అన్నారు.

గల్ఫ్ మనిషి మనకు శవపెట్టె వచ్చినప్పుడో, ఏజెంటు ముంచినప్పుడో వార్త అవుతాడు. అవి రాయాల్సిందే. కానీ అక్కడ ఏం వండుకున్నాడో, ఎవరితో ఏ భాషలో కొట్లాడాడో రాసుకోకపోవడం మన బద్ధకం. మీ ఇంట్లో అలాంటి క్యాసెట్టుంటే పారేయకండి. ఫోన్లోకి ఎక్కించి ఎవరిది, ఏ ఊరు, ఏ ఏడు అని రాసిపెట్టండి. పెద్దాయన నాలుగింటిలో ఒకటి ఇప్పటికే తిరగడం లేదు.