బొటనవ్రేలిని గురుదక్షిణ అడిగే ఆటలు

ఛందస్సు గురించీ శబ్దార్థాల గురించీ వ్రాసుకునే ఈ పుటలో వీడియో గేముల ప్రసక్తి ఏమిటని నిత్యం చదివే మిత్రులు నొసలు చిట్లించవచ్చు. ముప్పై మూడేళ్లు బడిలో పనిచేసినవాణ్ణి. మొదట చిన్నపిల్లల వ్రేళ్లు పట్టుకొని అక్షరాలు దిద్దించాను, తరువాత తెలుగు పండితుడిగా పెద్ద తరగతులకు పద్యం చెప్పాను. వ్రేళ్ల సంగతి వచ్చినప్పుడు మాట్లాడే హక్కు నాకు కొంత ఉందనుకొని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మా అమ్మాయి కొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు ఆవకాయ అన్నం కలపబోయి, బొటనవ్రేలు మడవలేక చెంచా అడిగాడు. మా ఇంట ఆవకాయ అన్నాన్ని చెంచాతో తిన్నవారు అంతకుముందు లేరు. ఏమిరా అంటే దాటవేశాడు. వాళ్ల అమ్మమ్మ నిలదీస్తే అప్పుడు చెప్పాడు. ఫోనులో ఆడే యుద్ధపు ఆట. ఎడమ బొటనవ్రేలు నడకకు, కుడి బొటనవ్రేలు గురికి, చూపుడు వ్రేళ్లు రెండూ గద్ద గోళ్లవలె వంచి పైనుంచి కాల్చడానికి. రోజూ రాత్రి మూడేసి గంటలు.

వైద్యుని దగ్గరకు తీసుకొని వెళ్లాను. మణికట్టు దగ్గర బొటనవ్రేలిని కదిలించే స్నాయువుల తొడుగు వాచిందన్నారు. ఫ్రిట్జ్ ద కెర్వాన్ అనే స్విట్జర్లాండు శస్త్రవైద్యుడు 1895లో వర్ణించిన జబ్బు అది, ఆయన పేరుతోనే పిలుస్తారు. అంటే ఫోను పుట్టక మునుపే ఉన్న జబ్బు. వ్రేలిని ఒకే తీరున పదేపదే శ్రమపెట్టిన వారికి వస్తుంది. మందులు, విశ్రాంతి, మణికట్టుకు పట్టీ చెప్పి పంపించారు. నాకు కోపం తెప్పించింది జబ్బు కాదు. ఆ సాయంత్రం వాడి స్నేహితుడు ఫోనులో అన్న మాట: "నొప్పి తట్టుకోలేనోడు ప్లేయరెలా అవుతాడ్రా? అలవాటు చేసుకో, లేకపోతే టీమ్‌లోంచి తప్పుకో." మావాడు తల వంచుకొని "సరేరా" అన్నాడు.

ఆ "సరేరా" మీదనే నా తగవు.

ఈ విషయంలో రెండు పక్షాలున్నాయి. ఆట మానెయ్యమనే పెద్దలు ఒక పక్షం, నొప్పిని భరించమనే కుర్రవాళ్లు మరొక పక్షం. ఎడమొగం పెడమొగంగా కనిపించే ఈ ఇరువురూ ఒక్కచోట ఏకమవుతారు: తప్పంతా ఆడేవాడిదే అంటారు. ఆ మీటలను అక్కడ అమర్చినవాణ్ణి ఎవరూ అడగరు. నేను వాణ్ణే అడుగుతున్నాను. శత్రువు ఎంత కఠినుడైనా కావచ్చు. శత్రువును గురి చూసే మీట కఠినం కావడానికి వీల్లేదు. మొదటిది ఆట, రెండవది హింస.

గురి చూడడం ఈ ఆటల్లో ఎందుకంత పెద్ద సమస్య అయిందో తెలియని వారికోసం కొంచెం చెబుతాను. తెర మీది లోకానికి లోతు వచ్చిన తరువాత శత్రువు ముందునుంచే కాక వెనుకనుంచీ పక్కలనుంచీ రాసాగాడు. ఆటగాడు నడవాలి, చూపు తిప్పాలి, కత్తి దూయాలి. పనులు మూడు, బొటనవ్రేళ్లు రెండు. ఈ చిక్కును గొప్పగా విడదీసిన ఆట 1998లో నింటెండో 64 మీద వచ్చిన "ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరీనా ఆఫ్ టైమ్". దాని నిర్మాతలలో కొయిజుమి, ఒసావా అనే ఇరువురు క్యోటోలోని సినిమా స్టూడియో పార్కుకు వెళ్లి కత్తియుద్ధ ప్రదర్శన చూశారట. అందులో ఒకడు గొలుసు కట్టిన కొడవలిని విసరగా గొలుసు ఎదుటివాని చేతికి చుట్టుకుంది. బిగిసిన ఆ గొలుసు వల్ల విసిరినవాడు ఎదుటివాని చుట్టూ వలయంగా తిరగవలసి వచ్చింది. ఆ గొలుసునే వారు కనబడకుండా ఆటలోకి తెచ్చారు. చూపుడు వ్రేలికి సహజంగా అందేచోట, కంట్రోలరు అడుగున ఉన్న జెడ్ మీటను నొక్కితే చూపు శత్రువు మీద నిలిచిపోతుంది. ఇక ఆటగాడు ఎటు కదిలినా శత్రువు కనుమరుగు కాడు. ఈనాడు దీన్ని లాక్-ఆన్ అంటారు. నేను గురిపట్టు అంటాను.

మనకు ఇది కొత్త ఊహ కాదు. ద్రోణుడు చెట్టు మీద పక్షిని నిలిపి ఏమి కనబడుతున్నదని అడిగితే, అర్జునునికి పక్షి తల తప్ప మరేమీ కనబడలేదు. అదే గురిపట్టు. ఆ పరీక్షలో ద్రోణుడు శిష్యుని చూపును పరీక్షించాడు గాని, విల్లును వంకరగా పట్టించి మణికట్టును పరీక్షించలేదు. ఒకరీనాలో మరొక మంచి మాట కూడా ఉంది. ఆ మీటను నొక్కిపట్టి ఉంచాలా, ఒకసారి నొక్కి వదిలితే చాలునా అన్నది ఆటగాడే ఎంచుకోవచ్చు. 1998 నాటికే ఇది తెలిసిన విద్య అని గుర్తుంచుకోండి.

తెలిసిన విద్యను మరచిపోయిన కథ కూడా వినండి. 2005లో జపానులో సోనీ చేతిపరికరం పీఎస్‌పీ మీద మాన్‌స్టర్ హంటర్ వచ్చింది. ఆ పరికరానికి నడకకొక చిన్న అనలాగ్ మీట ఎడమవైపున ఉంది, చూపు తిప్పడానికి రెండవది లేదు. దాంతో చూపును ఎడమవైపే ఉన్న నాలుగు దిక్కుల మీటలకు అప్పగించారు. బొటనవ్రేలు నడుపుతుండగా చూపుడు వ్రేలిని కొక్కెంలా వంచి చూపు తిప్పడం ఆటగాళ్లు నేర్చుకున్నారు. ఆ పట్టుకు జపానులో ఆట పేరే వచ్చింది, ఇంగ్లీషువారు పక్షిగోటి పట్టు అన్నారు. నేర్చినవారు గర్వించారు, నేర్వలేనివారు సిగ్గుపడ్డారు. 2011 డిసెంబరులో అదే వరుస ఆట నింటెండో 3డీఎస్ మీదికి వచ్చినప్పుడు, పెద్ద మృగం వైపు ఒక్క మీటతో చూపు తిరిగే ఏర్పాటు చేశారు. కొక్కెం అవసరం తీరింది. ఆ మృగం మెత్తబడిందా? లేదు. వేటగాణ్ణి మునుపటిలాగే చీల్చి చెండాడింది. పోయింది వ్రేలి నొప్పి ఒక్కటే. అంటే అన్నాళ్లూ ఆ నొప్పి ఆటలో భాగం కాదు, అమరికలోని లోపం. నా వాదానికి ఇంతకన్న సాక్ష్యం ఏం కావాలి?

ఇక్కడ ప్రతిపక్షి లేచి, "కర్త ఉద్దేశమని ఒకటుంటుంది. అతడు అలా ఆడాలని సంకల్పించాడు, మీకెందుకు?" అంటాడు. ఇది తోసిపుచ్చదగిన మాట కాదు. దీనికి మంచి ఉదాహరణ నేనే ఇస్తాను. 2012లో 3డీఎస్ మీద "కిడ్ ఇకరస్: అప్‌రైజింగ్" వచ్చింది. దర్శకుడు మసహిరో సకురాయి, పేరుమోసినవాడు. అందులో ఎడమ బొటనవ్రేలు నడకకు, ఎడమ చూపుడు వ్రేలు కాల్చడానికి, కుడిచేతిలోని పుల్ల తెర మీద గురి చూడడానికి. పుల్లతో గురి మెరుపులా పడుతుంది, అది నిజమైన ప్రతిభ. కాని కుడిచేయి పుల్ల పట్టుకున్నది గనుక 235 గ్రాముల పరికరం బరువంతా ఎడమచేతి మీద పడింది. ఆ చేయి మోయాలి, నడపాలి, కాల్చాలి. చేతులు నొచ్చుతున్నాయని ఆటగాళ్లూ విమర్శకులూ మొత్తుకున్నారు. నిర్మాతలకు ఇది తెలియనిది కాదు. ఆట పెట్టెలోనే పరికరాన్ని నిలబెట్టుకోవడానికి ఒక చిన్న పీఠం పెట్టి అమ్మారు, మన పురాణం చెప్పేవారి వ్యాసపీఠం వంటిది. ఆ పీఠం పెట్టిన మనసుకు నమస్కరిస్తాను. కాని చేతిలో పట్టుకొని ఎక్కడైనా ఆడుకోమని చేసిన పరికరానికి బల్ల వెతుక్కోవలసి రావడం ఏమిటి? కర్త ఉద్దేశం గురి మీద ఉండవచ్చు, ఎడమ మణికట్టు నొప్పి మీద ఉండదు గదా! ఉద్దేశించని దాన్ని ఉద్దేశమని సమర్థించడం వ్యాఖ్యాతల పని, కర్తది కాదు.

ఆ ఆట పట్టు చూసినప్పుడు నాకు తాళపత్ర లేఖకులు గుర్తుకు వచ్చారు. ఎడమచేత తాటాకు, కుడిచేత గంటం, ఎడమ బొటనవ్రేలి ఆసరాతో గంటం నడక. గ్రంథం ముగించి, నడుమూ మెడా పడిన పాట్లు చెప్పుకొని, కష్టపడి వ్రాసినదాన్ని జాగ్రత్తగా కాపాడమని వేడుకున్న లేఖకులున్నారు. వారి శ్రమకు నేను ఋణపడి ఉన్నాను. అయినా ఒక్కటి అడుగుతాను. కాగితం వచ్చిన తరువాత సీసపద్యం సులువైందా? యతి స్థానం కదిలిందా? ప్రాస సడలిందా? గంటం బరువు చేతిది, ఛందస్సు బరువు బుద్ధిది. చేతి బరువు దించితే బుద్ధి బరువు తగ్గదు. ఈ పుటను నేను కంప్యూటరు మీద టైపు చేస్తున్నాను. ఇన్‌స్క్రిప్టు పలక వాడేవారున్నారు, ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రప్పించుకునేవారున్నారు. మీ కీలు మార్చుకున్నారు గనుక మీది తెలుగు కాదని ఎవరైనా అంటే నవ్వమా? ఆటలో మీట చోటు మార్చుకున్నవాణ్ణి మాత్రం మోసగాడంటారు.

మన వీరులు ఇంత మూర్ఖులు కారు. భారతంలో యోధులు ఉడుము తోలుతో చేసిన అంగుళిత్రాణాలు తొడుక్కొని యుద్ధానికి వెళ్లారు. అల్లెత్రాటి నుంచి వ్రేళ్లను కాపాడుకోవడం పిరికితనమని ఏ కౌరవుడూ ఎగతాళి చేయలేదు. ఆటల లోకం ఆ తెలివికి నెమ్మదిగా వచ్చింది. 1990లోనే అమెరికా వైద్యపత్రిక న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక వైద్యుడు ఆటవల్ల వచ్చిన బొటనవ్రేలి నొప్పికి "నింటెండినైటిస్" అని పేరు పెట్టి లేఖ వ్రాశాడు. 1998 నాటి మారియో పార్టీలో మీటను గిరగిర త్రిప్పి పిల్లల అరచేతులు బొబ్బలెక్కితే, 2000లో న్యూయార్కు రాష్ట్ర అటార్నీ జనరల్‌తో కుదిరిన ఒప్పందం మేరకు నింటెండో చేతి తొడుగులు ఇవ్వజూపింది. అక్షరాలా అంగుళిత్రాణమే!

ఇప్పుడు నా సంగతి చెప్పుకోవాలి. లేకపోతే ఈ కోపానికి నీతి ఉండదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా తరగతిలో ఒక ఎడమచేతివాటం పిల్లవాడు ఉండేవాడు. కుడిచేత వ్రాసి తీరాలని పట్టుబట్టాను. బలపం ఎడమచేతికి మారినప్పుడల్లా వ్రేళ్ల మీద కొట్టాను. అలవాటు చేసుకో అన్నాను. అచ్చంగా ఆ స్నేహితుడు మావాడితో అన్న మాటే. పిల్లవాడి దస్తూరి ఏడాదంతా వంకరగానే సాగింది, నేను దాన్ని సోమరితనమని లెక్కవేశాను. అదే సంవత్సరం పై తరగతికి, అర్జునుడు రెండు చేతులా గాండీవం లాగగలడు గనుక సవ్యసాచి అయినాడని వ్యుత్పత్తి చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను! ఎడమచేతిని పొగిడే మాటను నోట పెట్టుకొని ఎడమచేతిని కొట్టినవాణ్ణి. ఆ పిల్లవాడు ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. మనుమడి "సరేరా" విన్నప్పుడు, నా ముందు తల వంచిన ఆ పసివాడే కనిపించాడు.

కాబట్టి ఆటలు చేసేవారిని నేను కోరేది దయ కాదు, న్యాయం. ఏ మీట ఏ పని చేయాలో ఆడేవాణ్ణి మార్చుకోనివ్వండి. నొక్కిపట్టవలసిన ప్రతి మీటనూ ఒకసారి నొక్కి వదిలితే చాలునన్న వీలుతో పాటు ఇవ్వండి. గురిపట్టు కావలసినవాడికి గురిపట్టు ఇవ్వండి. ఎడమచేతివాటం వారిని అదనపు పరికరం కొనుక్కొమ్మని పంపకండి. ఫోను ఆటల్లో మీటల చోటు జరుపుకునే వీలు ఉన్నచోట, దాన్ని ఏ మూలనో దాచకుండా మొదటిరోజే చూపించండి.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. 2018లో మైక్రోసాఫ్ట్, 2023లో సోనీ, వైకల్యం ఉన్న ఆటగాళ్లకోసం తమకు వీలైనట్టు అమర్చుకునే కంట్రోలర్లు తెచ్చాయి. 2020లో వచ్చిన "ది లాస్ట్ ఆఫ్ అస్" రెండవ భాగంలో ఇటువంటి సౌకర్యాలు అరవైకి పైగా ఉన్నాయి. మీటలన్నీ మార్చుకోవచ్చు, గురి తనంతట నిలిచే ఏర్పాటూ ఉంది. ఆ కథలోని దుఃఖం ఎవరికీ తేలిక కాలేదు. పోటీ ఆటల్లో గురిసాయం ఒకరికి అన్యాయమైన లాభం ఇస్తుందంటారా, అది వేరే చర్చ, అక్కడ హద్దులు గీయండి. మీట చోటు మార్చుకోవడంలో మాత్రం ఏ అన్యాయమూ లేదు.

కుర్రవాళ్లకు ఒక్క మాట. ఏకలవ్యుడు బొటనవ్రేలు కోసి ఇచ్చిన తరువాత మిగిలిన వ్రేళ్లతో బాణం వేశాడు గాని మునుపటి వేగం మళ్లీ రాలేదు. ఆ కథ చెప్పినప్పుడల్లా మనం శిష్యుణ్ణి పొగుడుతాం. అడిగిన గురువు సంగతి ఎత్తం. నొప్పి పుడుతోందని చెప్పినవాణ్ణి మీరు ఎగతాళి చేసినప్పుడు, అడగని గురువుకు కూడా వ్రేలు కోసి ఇస్తున్నారు.

మావాడు పట్టీ కట్టుకొని ఆరు వారాలు ఆట మానాడు. తరువాత మీటలన్నీ తనకు అనువుగా జరుపుకొని, రోజుకు గంట చొప్పున ఆడుతున్నాడు. ఆ స్నేహితుడికి ఏమని చెప్పావురా అని మొన్న ఫోనులో అడిగాను. "వాడికీ నొప్పేనట తాతయ్యా, ఇన్నాళ్లూ చెప్పలేదు" అన్నాడు.

స్వస్తి.