చట్టము కాగితముపైన, నిప్పు ఇంటిలోన

రామగుండమున మన బొగ్గు మండి పలు రాష్ట్రములకు వెలుగిచ్చుచున్నది. ఆ వెలుగును మన గదులలో పంచు ఎక్స్‌టెన్షన్ బాక్సునకు మాత్రము చేసినవాని పేరులేదు, ఐ.యస్.ఐ. ముద్రలేదు! లోపల సన్నని తీగె. దానిపై కూలరు, హీటరు. తీగె వేడెక్కును, తొడుగు కరగును, నిప్పు రాజుకొనును.

అమెరికాలో ఏపీసీ సర్జ్‌అరెస్ట్ పెట్టెలు వేడెక్కి కరగుచున్నవని తెలియగా, అవి 2003కు పూర్వము చేసినవైనను, 2013లో 1 కోటి 50 లక్షల పెట్టెలను వెనుకకు పిలిచి, ఉచితముగా మార్చి యిత్తుమని ప్రకటించిరి.

మనకు చట్టము లేదా? కలదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టపు 20వ సెక్షను ప్రకారము అపాయకరమైన సరుకును వాపసు రప్పించి, సొమ్ము తిరిగి యిప్పించు అధికారము కేంద్ర ప్రాధికార సంస్థకున్నది. 2022లో ప్రమాణములకు తగని ప్రెషరు కుక్కరుల విషయమున దానిని ప్రయోగించినది కూడ. కాని అవి ఆన్‌లైనున అమ్ముడైనవి. కొన్నవారి చిరునామాలు అమ్మినవారియొద్ద నుండెను. కరీంనగరు, ఆదిలాబాదు బజారులలో రసీదు లేక కొన్న పెట్టెను వెనుకకు పిలుచువాడెవడు? ఎవరి యింటికి జాబు వ్రాయును?

16వ సెక్షను క్రింద ఫిర్యాదుపై విచారించు అధికారము జిల్లా కలెక్టరులకు కలదు. వారు కదలవలెను, వారిని కదలింపవలసినవారము మనమే. సోదరులారా! ముద్ర చూడుడు, రసీదు అడుగుడు, నిరాకరించినచో కలెక్టరునకు వ్రాయుడు. పది రూపాయల చౌకకు ఇల్లాలిని, పసిబిడ్డలను పణమొడ్డుట పొదుపనిపించుకొనునా?