వీరుని ఋణము

సికింద్రాబాదు సైన్యము కొఱకు వెలసిన పట్టణము. ఆంగ్లసేన యిచ్చట విడిసిన నాఁటినుండి ఈ దండులో కవాతు చేసిన భారతీయ సిపాయి నూఱేండ్లకు పైగా పరుల సామ్రాజ్యము కొఱకే నెత్తురు ధారవోసెను. శౌర్యము మనది, ఫలము పరులది. స్వతంత్రభారతమున ఆ దుర్గతి తొలఁగెను. నేఁడు సైనికుఁడు మన గడ్డను కాచుటకే ప్రాణ మొడ్డుచున్నాఁడు. మన జంటనగరములలో అందులకు సాక్షి మేజరు పద్మపాణి ఆచార్య.

ఆయన వంశీకులు ఒడిశావారు. ఆయన యిల్లు హైదరాబాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుఁడు. 1999 కార్గిలు యుద్ధమున రాజపుటానా రైఫిల్సు రెండవ పటాలములో ఒక కంపెనీకి నాయకుఁడై, జూను 28 రాత్రి ద్రాసు ప్రాంతమున నొక శిఖరమును పట్టుటకు కదలెను. శత్రువు మందుపాతరలు నాటి, మరతుపాకులు మోహరించి యుండెను. ముందు నడచినవారు ఫిరంగిగుండ్లకు నేలఁగూలఁగా, ఆయన మిగిలిన దళమును వెంటఁబెట్టుకొని తానే ముందుండి యెక్కెను. గుండ్లు తాఁకి కదలలేకపోయియు, తన్ను విడిచి శత్రువుపైకి సాగుఁడని అనుచరుల నాజ్ఞాపించెను. శిఖరము మనకు దక్కెను, ఆయన దక్కలేదు. అంతకు కొలఁది దినముల ముందు తండ్రికి వ్రాసిన లేఖలో, గర్భవతియైన తన భార్యకు దినమున కొక భారతకథ చెప్పుమని కోరియుండెను. తరువాత కొన్ని నెలలకు పుట్టిన కూఁతురు తండ్రిని చిత్రపటమున మాత్రమే చూచెను. ప్రభుత్వము మహావీరచక్ర మొసఁగెను.

బిరుదముతో మన ఋణము తీఱునా? ఆ యుద్ధమున 527 మంది నేలకొరిగిరి. అధికారుల పేరులు పత్రికల కెక్కినవి. వారితో కొండ నెక్కిన సిపాయిల పేరులు మనలో నెందఱికి తెలియును? ఏఁటేఁట జూలై 26న పరేడ్‌గ్రౌండు స్మారకమున పూలుంచుట ఉచితమే. కాని పూలు సాయంకాలమునకే వాడును. దిక్కు గోల్పోయిన యింటి యక్కఱలు ఏఁడాదంతయు నుండును.

రాంగోపాల్‌పేట పురప్రముఖులకు మా మనవి యిది. మృతసైనికుల కుటుంబములు మీ చుట్టుపట్ల నెచ్చట నున్నవో విచారింపుఁడు. పింఛను కాగితములు వ్రాయనేరని వారికి న్యాయవాదులు రుసుము గొనక వ్రాసిపెట్టవలెను. బిడ్డల చదువునకు వర్తకులు చేయూత నీయవలెను. పఠనమందిరమున నెల కొక సాయంకాలము ఒక సిపాయి చరిత్రము చదివి వినిపింపవలెను. ఇది దానము కాదు, బాకీ చెల్లింపు.

తన్ను విడిచి సాగుఁడని ఆ వీరుఁడు తన సైనికులతో ననెను. అట్టివారు విడిచిపోయిన కుటుంబములను విడిచి సాగుఁడని మనతో ననలేదు.