వాట్లు చూసి కాదు, వాడకం చూసి కొనాలి

మన హాస్టల్ వార్షికోత్సవమంటే డప్పు మోగాల్సిందే. ఇప్పుడు డప్పు పక్కన గిటారు కూడా చేరుతోంది. సంతోషించదగ్గ విషయమే. డప్పుకు నిప్పు సెగ చాలు, గిటారుకు మాత్రం కరెంటు కావాలి. అందుకే తలా కొంత వేసుకుని ఆంప్లిఫయర్, ఎఫెక్ట్స్ పెడళ్ళు కొందామనే మాట వస్తోంది. మాట రాగానే "ఎక్కువ వాట్లది తీసుకుందాం" అంటారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. కూలి డబ్బు ఎంత కష్టంగా వస్తుందో చూసి పెరిగినవాణ్ణి కనుక నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతున్నాను.

మొదట తేల్చుకోవాల్సింది మన దగ్గరున్నది ఏ గిటారు అన్నది. ఎలక్ట్రిక్ గిటారుకు సొంత గొంతు తక్కువ. తీగ కదలికను అయస్కాంతపు పికప్ పట్టుకుంటే, ఆంప్లిఫయరే దానికి గొంతునిస్తుంది. ఆ స్పీకరు సాధారణంగా 5,000 హెర్ట్జ్ దాటిన ధ్వనులను బాగా తగ్గించేస్తుంది. డిస్టార్షన్‌లోని గరుకుదనం అక్కడే వడకట్టుకుపోతుంది. అదే డిస్టార్షన్‌ను నేరుగా మైక్ సెట్‌కు కలిపితే రేకు మీద గులకరాళ్ళు పోసినట్టు ఉంటుంది. అకౌస్టిక్ గిటారు సంగతి వేరు. దాని చెక్కే పాడుతుంది. ఆ గొంతును మార్చకుండా పెద్దది చేయడమే ఆంప్లిఫయర్ పని. పికప్, ప్రీఆంప్ ఉన్న అకౌస్టిక్ గిటారును డీఐ బాక్స్ ద్వారా మైక్ సెట్‌కే కలపవచ్చు. అలాంటప్పుడు వేరే ఆంప్లిఫయర్ ఎందుకు?

వాట్ల విషయంలో కూడా భ్రమ వద్దు. 50 వాట్ల బదులు 100 వాట్లది కొంటే శబ్దం రెట్టింపు కాదు, 3 డెసిబెల్స్ మాత్రమే పెరుగుతుంది. మన సాధనకు 10, 20 వాట్లు చాలు. సభ రోజున దాని ముందు ఒక మైకు పెడితే ఊరంతా వినిపిస్తుంది. 1964లో కింక్స్ బృందం 'యూ రియల్లీ గాట్ మీ' పాటకు డేవ్ డేవిస్ ఒక చిన్న ఆంప్లిఫయర్ స్పీకరును బ్లేడుతో కోసి ఆ గరుకు ధ్వని తెప్పించాడు. గొప్పతనం సైజులో లేదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? బ్లేడు ప్రయోగం మాత్రం మనం చేయొద్దు!

పెడళ్ళలో మొదట కొనాల్సింది ట్యూనర్. శ్రుతి లేని గిటారుకు ఎన్ని హంగులున్నా వృథాయే. తర్వాత ఎలక్ట్రిక్‌కు ఒక ఓవర్‌డ్రైవ్, ఆ తర్వాత డిలే. వరుస కూడా ముఖ్యమే. ఓవర్‌డ్రైవ్ ముందు, డిలే, రివర్బ్ చివర ఉండాలి. తిరగేస్తే ప్రతిధ్వనులన్నీ కలిసి ముద్దయిపోతాయి. అకౌస్టిక్‌కు కొద్దిగా రివర్బ్ చాలు. చాలా పెడళ్ళకు 9 వోల్టుల అడాప్టర్ కావాలి. దాని ప్లస్ మైనస్‌లు సరిచూడకుండా పెడితే పెడల్ కాలిపోవచ్చు. అసలు మనకు తగినది ఎఫెక్ట్స్ లోపలే ఉండి, హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలున్న చిన్న ఆంప్లిఫయర్. పక్క మంచం మీద గ్రూప్-2కు చదివే అన్న మనల్ని దీవిస్తాడు.

అన్నిటికంటే ముందు ఎర్తింగ్ చూపించాలి. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్లీ హార్వే అనే గిటారిస్టు ఎర్తింగ్ సరిగా లేని మైకును తాకి వేదిక మీదే ప్రాణాలు కోల్పోయాడు. చేతిలో తీగలు, పెదవుల దగ్గర మైకు ఉన్నప్పుడు ఒక్క వైరు లోపం చాలు. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను విరిచి వాడే అలవాటు మానాలి. పెడళ్ళకు పెట్టే డబ్బులో కొంత ఎలక్ట్రీషియన్‌కు ఇవ్వడం దండగ కాదు.

చివరిగా ఒక మాట. కొన్న వస్తువు బీరువాలో తాళం పడితే ఏ బ్రాండ్ అయినా ఒకటే. ఒక రిజిస్టరు పెట్టి, సాయంత్రం రెండు గంటలు జూనియర్ తమ్ముళ్ళ చేతికివ్వాలి. వేళ్ళు కాయలు కాస్తేనే గిటారు పలుకుతుంది. కాయలు కాసిన చేతులు మన ఇళ్ళకు కొత్తేమీ కాదు కదా!